ఇస్త్రీ మడత

"ఏం మాస్టారూ, ఇయ్యాల పెళ్ళిచూపులా?"

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఈ మాట స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేనేం పట్టుపంచె కట్టుకుని పోలేదు. తెల్లచొక్కా, నల్లప్యాంటు. కాకపోతే చొక్కాకి ఇస్త్రీ ఉంది. చేతి మీద మడత కత్తిలాగా నిలబడి ఉంది. నా పక్క కుర్చీలో కూర్చునే సారు కూడా ఆరోజు తెల్లచొక్కాయే వేసుకొచ్చాడు. ఆయనదీ ఇస్త్రీ చొక్కాయే. ఆయన్ని పెళ్ళిచూపులా అని ఎవరూ అడగలేదు. ఆయన ఒంటి మీది ఇస్త్రీ ఎవరికీ కనపడదు. నా ఒంటి మీద అదే ఇస్త్రీ అందరి కళ్ళల్లో గుచ్చుకుంటుంది.

ఈ దేశంలో బట్టకి కులముంది. "బట్టల్లో ఏముందండీ, మనసు శుభ్రంగా ఉంటే చాలు" అని నాకు నీతులు చెప్పిన పెద్దమనుషులున్నారు. "ఉపాధ్యాయుడు నిరాడంబరంగా ఉండాలి" అని చెప్పిన అభ్యుదయవాదులూ ఉన్నారు. వాళ్ళకి జవాబుగా నా బట్టల కథ చెప్తాను. వినండి.

నాకు ఊహ తెలిశాక నేను తొడుక్కున్న మొదటి చొక్కా మాది కాదు. మాయమ్మ మిరపకోతలకి పోయే ఆసామి ఇంట్లో పాతబట్ట. ఆ ఇంటామె పాత చొక్కా ఇచ్చేముందు గుండీలన్నీ కత్తిరించి సీసాలో వేసుకునేది. గుండీలు మళ్ళీ పనికొస్తాయంట! గుండీల్లేని చొక్కా మా ఇంటికొచ్చేది. మాయమ్మ రెండు పిన్నీసులు పెట్టి బడికి పంపేది. నాలుగో తరగతిలో ఉండగా ఆ ఇంటి పిల్లగాడే నా కాలరు పట్టుకుని లాగి, "ఇది మా అన్న చొక్కారా, ఇదిగో సిరా మరక" అని క్లాసంతటికీ చూపించాడు. పిన్నీసు ఊడి నా రొమ్ములో గుచ్చుకుంది. క్లాసు నవ్వింది. అయ్యవారు కూడా నవ్వాడు. ఆరోజు ఇంటికొచ్చి చొక్కా విప్పి అవతల పారేశా. మాయమ్మ నన్ను కొట్టింది. కొట్టి తనే ఏడ్చింది. మర్నాడు అదే చొక్కా ఉతికి తొడిగింది. ఇంకోటి లేదు మరి.

ఇంకొంచెం వెనక్కి పోదాం. ఊళ్ళో ఎవరు పోయినా కబురు చెప్పేది, డప్పు కొట్టేది, గుంట తవ్వేది మా తాతలే. శవం మీద కప్పిన గుడ్డ మా వాటా. మా నాయనమ్మ ఆ గుడ్డల్ని సుబ్బరంగా ఉతికి బొంత కుట్టేది. ఆ బొంతలో నేను పడుకున్నా. పెద్దయి డిగ్రీలో చేరాక, మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడు చచ్చినోళ్ళ బట్టలే కట్టుకోవాలని రాసుందని చదివాను. అప్పుడు నాకు పుస్తకం కనపళ్ళేదు. మా నాయనమ్మ బొంత కనపడింది. ఎప్పుడో రాసిన శాసనం మా ఇంట్లో నా ఒంటి మీదకి వచ్చి పడుకుంది. ఆ శాసనం పోయిందని, ఇప్పుడెక్కడుందని మీరు నన్నడుగుతారు.

మా వాడలో బట్టలు రెండే రకాలు. పనికి కట్టేవి, పండక్కి కట్టేవి. పండగ గుడ్డలు క్రిస్మస్‌కి, పెళ్ళిళ్ళకి. మిగతా రోజులు ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉండేవి. దాచి దాచి వచ్చే ఏడాది తీస్తే పిల్లగాడు ఎదిగిపోయి ఉండేవాడు. చొక్కా నడుం దాటి పైకొచ్చేది. అట్లా కొత్తగా ఉన్న చొక్కాయే పొట్టిదై తమ్ముడికి పోయేది. మనిషిలాగా కనపడటానికి మాకు ఏడాదికి రెండు రోజులు. మిగతా మూడొందల అరవై మూడు రోజులు కూలోళ్ళలాగానే కనపడాలి. మాకు ఉన్న లేమి ఒకటి, మమ్మల్ని అట్లా కనపడమన్న ఊరి కట్టడి ఇంకొకటి. ఆ రెండింటినీ ఒకటే అనుకోబాకండి. డబ్బులున్న రోజున కూడా రెండోది పోదు.

మా ఊళ్ళో మిషను పెట్టుకున్న టైలరు మా వాడ పిల్లలకి టేపు పెట్టేవాడు కాదు. "ఒరే, అక్కడే నిలబడు. చేతులు చాపు" అనేవాడు. కంటి కొలతతోనే కుట్టేవాడు. అందుకే మా చొక్కాలు ఎప్పుడూ భుజాలు జారేవి, మెడ బిగిసేది. వాడలోళ్ళకి బట్ట తొడుక్కోడం చేతకాదని ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. కొలత తీయనిది వాళ్ళు, నవ్వులపాలయింది మేము!

ఆరో తరగతిలో హాస్టల్లో చేరా. అక్కడ ఏడాదికిచ్చే రెండు జతలూ ఒకే తానులో చింపినవి. బజార్లో ఆ రంగు చూస్తే చాలు, "అరుగో హాస్టలోళ్ళు" అనేవాళ్ళు. హాస్టలోళ్ళంటే ఏంటో అందరికీ తెలుసు. కులం పేరు ఎత్తకుండా కులం చెప్పే రంగది. మాకు ఇస్త్రీపెట్టె లేదు. వార్డెను ఊళ్ళో లేని రోజున వంటమనిషిని బతిమాలుకుని పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి, స్టీలు చెంబులో పోసి, చెంబు అడుగుతో చొక్కా రుద్దేవాళ్ళం. ప్యాంటు తడిపి మడతపెట్టి చాప కింద పరుచుకుని రాత్రంతా కదలకుండా పడుకునేవాళ్ళం. తెల్లారితే మడత వచ్చేది. ఆ మడత కోసం నిద్రలో కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకున్న పిల్లలం మేము. మాకు నిరాడంబరత నేర్పుతారా మీరు?

2016లో ఉద్యోగం వచ్చింది. మా ఇంటిపేరు మీద మొదటి డిగ్రీ నాది, మొదటి జీతమూ నాదే. ఆ జీతంలో సగం మాయమ్మ చేతిలో పెట్టి, మిగతాది తీసుకుని నరసరావుపేట పోయా. అంతకుముందే ఇంట్లో ఉన్న నా బట్టలన్నీ నులకమంచం మీద పరిచి చూశా. ఎవరో ఇచ్చినవి, ఎవరి పెళ్ళికో పెట్టినవి, సంతలో కుప్పలో ఏరినవి. వాటిల్లో నేనై ఎంచుకున్నది ఒక్కటీ లేదు. అన్నీ మూటకట్టి పక్కన పెట్టేశా.

నాకు ఫ్యాషను తెలవదు. లెక్క మాత్రం తెలుసు, లెక్కల అయ్యవారిని. ఐదు చొక్కాలు అనుకున్నా. రెండు తెలుపు, రెండు లేతనీలం, ఒకటి సన్నగీతలది. మూడు ప్యాంట్లు. నలుపు, ముదురునీలం, బూడిదరంగు. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదకైనా పోవాలి. ఐదు మూళ్ళు పదిహేను. ఒక నల్లబెల్టు, ఒక జత నల్లబూట్లు. అంతే. వాటిల్లో "మంచిచొక్కా" అనేది ఉండకూడదనుకున్నా. పండక్కి దాచుకునేది ఉండకూడదు. సోమవారం పొద్దున బోర్డు మీద సుద్దముక్కతో రాసే చొక్కాయే మంచిచొక్కా కావాలి.

అక్కడ కుట్టిన టైలరు ఒక ముసలి సాయిబు. ముప్ఫయ్యారు పన్నాలో అయితే చొక్కాకి రెండుంబావు మీటర్లు, యాభై ఎనిమిది పన్నాలో అయితే ఒకటిన్నర మీద పది సెంటీమీటర్లు చాలని చెప్పాడు. కాటన్ని కుట్టే ముందు రాత్రంతా నీళ్ళల్లో నానేయమన్నాడు, లేకపోతే ఉతికినాక కుంచించుకుపోతుందంట. ప్యాంటు నడుం దగ్గర కుట్టు లోపల గుడ్డ వదుల్తానన్నాడు. "కొత్త ఉద్యోగం కదయ్యా, ఒళ్ళొస్తావు" అని నవ్వాడు. తర్వాత టేపు తీసి నా మెడ చుట్టూ వేసి, బిగుసుకోకుండా తన వేలు నా మెడకీ టేపుకీ మధ్య పెట్టాడు.

నాకు ఇరవై ఏడేళ్ళు అప్పటికి. వాడ బయటి మనిషి ఒకడు నా మెడ మీద మామూలుగా చెయ్యి వేయడం అదే మొదలు. కళ్ళల్లో నీళ్ళు తిరిగినయి. "దుమ్ము పడిందా?" అన్నాడు సాయిబు. అవునన్నా.

ఇంతవరకు చెప్పింది మీ గురించి. ఇప్పుడు నా గురించి చెప్తా. ఇది చెప్పకపోతే పై మాటలన్నీ దొంగమాటలవుతాయి.

ఆ బట్టలతో నేను బడికి పోయాను, మీటింగులకి పోయాను, జిల్లా ఆఫీసులకి పోయాను. మా ఊరికి మాత్రం పోలేదు. సంక్రాంతికి ఊరికి పోయేటప్పుడు సంచిలో ఒక పాత చొక్కా, హవాయి చెప్పులు పెట్టుకునేవాణ్ణి. బస్‌స్టాపు ముందు స్టేజీలో దిగి, తుమ్మచెట్టు చాటున బూట్లు విప్పి సంచిలో పెట్టుకుని, టక్కు తీసి, పాతచొక్కా మార్చుకుని ఊళ్ళోకి నడిచేవాణ్ణి. మా వాడకి పోవాలంటే ఆసాముల వీధి దాటాలి. అరుగుల మీద కూర్చున్న కళ్ళు దాటాలి. "ఏరా, బాగున్నావా" అంటే "బాగున్నానయ్యా" అని నడుం వంచేవాణ్ణి. ఇట్లా ఆరేళ్ళు. క్లాసులో సమానత్వం పాఠం చెప్పిన నోరే అది. మా నాయన నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒకసారి నా సంచిలో బూట్లు చూశాడు. చూసి, బయటికి తీసి, తువ్వాలతో తుడిచి, మళ్ళీ లోపల పెట్టాడు.

నన్ను నిలదీసింది మా నాయన కాదు, తొమ్మిదో తరగతి పిల్లగాడు. నేను పనిచేసే ఊళ్ళో మాలపల్లె పిల్లగాడు. సెలవుల్లో పత్తి తీసిన కూలి డబ్బులతో జీన్‌ప్యాంటు, బూట్లు, నల్లకళ్ళద్దాలు కొనుక్కుని తిరునాళ్ళకి పోయాడు. ఊళ్ళో కుర్రాళ్ళు నలుగురు ఆపి, "ఎవర్ని చూసి ఎగబడుతున్నావురా" అని కొట్టారు. కళ్ళద్దాలు తొక్కారు. బూట్లు విప్పించి చేత్తో పట్టుకుని నడవమన్నారు. సోమవారం బడికి వచ్చాడు, కింద పెదవి చిట్లి ఉంది. స్టాఫ్‌రూములో ఒకాయన, "వాడికెందుకండీ ఆ వేషాలు, చదువుకోకుండా" అన్నాడు. నేను అక్కడే ఉన్నా. ఇస్త్రీ చొక్కాతోటే ఉన్నా. నోరు తెరవలేదు.

సాయంత్రం పిల్లగాడు నా దగ్గరికి వచ్చి అడిగాడు. "సార్, మీరు మీ ఊళ్ళో కూడా ఇట్టాగే టక్కు చేసుకుని తిరుగుతారా?"

నేను జవాబు చెప్పలేకపోయా. నా పదిహేను జతల లెక్క ఆ ఒక్క ప్రశ్న దగ్గర తప్పింది.

ఆ రాత్రి వాళ్ళ ఇంటికి పోయా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమలు. బహిరంగ స్థలంలో దళితుడు చెప్పులు వేసుకోకుండా, కొత్తబట్టలు కట్టుకోకుండా అడ్డుపడటం నేరమని ఆ సవరణలో స్పష్టంగా ఉంది. అది చదివి వినిపించా. ఒక స్వతంత్ర దేశపు పార్లమెంటు కూర్చుని "కొత్తబట్టలు" అనే మాట శిక్షల చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, బట్టల్లో ఏముందో ఆ పార్లమెంటుకి తెలిసింది. మా స్టాఫ్‌రూముకే తెలవలేదు. పిల్లగాడి తండ్రి అంతా విన్నాడు. "నిజమేనయ్యా. రేపు పొద్దున వాళ్ళ చేలోకే కదా పోవాల" అన్నాడు. కేసు పెట్టలేదు. చట్టంలో ఉన్న ఆ మాట ఆరోజు ఆ ఇంటి గడప దాటలేదు. ఆయన్ని నేను తప్పుపట్టను. తుమ్మచెట్టు చాటున బూట్లు విప్పినోడికి ఆయన్ని అనే హక్కెక్కడిది?

ఇక అభ్యుదయవాదుల సంగతి. "గాంధీగారు కొల్లాయి కట్టారు, మీకు సూటుబూటు ఎందుకు?" అంటారు. కట్టారు. 1921 సెప్టెంబరులో మదురైలో టోపీ, చొక్కా వదిలేసి కొల్లాయి కట్టారు. అంతకుముందు లండన్లో బారిస్టరు చదివి సూటు వేసుకున్నారు. ఉన్నవాడు విప్పితే త్యాగమైంది, దండలు పడ్డాయి. మా తాతలు పుట్టిన్నాటి నుంచి కొల్లాయే కట్టారు. వాళ్ళని మహాత్ములని ఎవరూ అనలేదు. లేనివాడు తొడుక్కుంటేనే పొగరు అంటారు. మాకు విప్పడంలో గొప్పేముంది? మాకు విప్పించడమే అలవాటు మీకు. తొడుక్కోడమే మా పోరాటం. బాబాసాహెబ్ నీలం కోటు వేసుకుని ప్రతి వాడ మొదట్లో నిలబడి ఉన్నాడు. ఆ కోటులోనే మాకు ఆయన కావాలి. ఆయన్ని కొల్లాయిలో ఊహించుకోండి, మీకే తెలుస్తుంది.

అట్లాగని బట్ట మారితే కులం పోతుందని నేను చెప్పడం లేదు. అంబేడ్కర్ చిన్నప్పుడు, 1901లో, తండ్రిని చూడటానికి అన్నతో, అక్క పిల్లలతో కలిసి రైల్లో పోయాడు. ప్రయాణానికని పిల్లలకి కొత్తచొక్కాలు, పట్టంచు ధోవతులు, మెరుపుల టోపీలు, బూట్లు. మసూర్ స్టేషన్లో దిగితే స్టేషను మాస్టరు చూసి బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. ప్రేమగా పలకరించాడు. కులం తెలిసిన మరుక్షణం ముఖం మారింది. ఆ రాత్రంతా ఆ పిల్లలకి దారిలో తాగటానికి నీళ్ళు పుట్టలేదు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. కొత్తబట్టలు నీళ్ళు తెచ్చిపెట్టలేదు. నిజమే. కానీ ఆయన ఆ తర్వాత కొత్తబట్టలు మానుకోలేదు. నీళ్ళు ఇవ్వనివాడి తప్పుకి తన కోటు విప్పలేదు. 1927లో మహద్ చెరువులో నీళ్ళు తాగించాడు.

ఇదేం ఒక్క ఊరి గొడవ కాదు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడితే, 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు. కప్పుకోవచ్చు, కానీ పెద్దకులాల ఆడవాళ్ళు కప్పుకునే పద్ధతిలో మాత్రం కాదు అని మెలిక పెట్టాడు! ఆ మెలికే మా స్టాఫ్‌రూములో "పెళ్ళిచూపులా" అని అడిగింది. చుండూరులో 1991లో తగాదా సినిమాహాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు తగిలిందనే కదా ముదిరింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తగిలింది కాలు. వాళ్ళకి గుచ్చుకుంది, ఆ కాలు తమ పక్కన కూర్చోగలగడం. 2023లో గుజరాత్ బనాస్‌కాంఠా జిల్లాలో మంచిబట్టలు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడని ఒక దళితుణ్ణి కొట్టారు. మా బళ్ళో పిల్లగాడి కళ్ళద్దాలకీ ఆ కళ్ళద్దాలకీ తేడా ఏమీ లేదు.

ఇదంతా ఒక రాత్రి మా ఆవిడకి ఆవేశంగా చెప్తున్నా. ఆమె విని, "మీ మగోళ్ళ ప్యాంటుచొక్కాలకి అంబేడ్కరున్నాడు. మా చీరలకెవరున్నారు?" అంది. 1927 డిసెంబరులో మహద్‌లో ఆయన ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాడనీ, కులం పట్టిచ్చే కట్టు, ఆ బరువు నగలు వదిలేసి చీర నిండుగా కట్టుకోమన్నాడనీ చెప్పా. "బాగుంది. మరి నీ ఐదు చొక్కాలు ఇన్నేళ్ళుగా ఉతికి ఇస్త్రీ చేస్తున్నదెవరు? అది కూడా ఆయనే చెప్పాడా?" అంది. నా దగ్గర మాట లేదు. మన మురికి ఇంకో కులం చేత ఉతికించడమూ కులమే. ఇంటి ఆడమనిషి చేత ఉతికించడమూ అలాంటిదే. ఆరోజు నుంచి నా బట్టలు నేనే ఉతుక్కుంటున్నా, నేనే ఇస్త్రీ చేసుకుంటున్నా. మొదటివారమే ఒక నీలంచొక్కా కాల్చుకున్నా. ఇప్పుడు నాలుగున్నాయి.

మనవాళ్ళకీ ఒక మాట. ఉద్యోగాలొచ్చి టక్కు చేసుకున్న మనలో కొందరు, వాడ నుంచి వచ్చిన పిల్లల్ని చూసి "శుభ్రం లేదు వీళ్ళకి" అని ముక్కు మూసుకుంటున్నారు. శుభ్రానికి నీళ్ళు కావాలి. సబ్బు కావాలి. రెండో జత కావాలి. కూలికి పోయి చీకటిపడి వచ్చిన తల్లికి ఇంకో గంట కావాలి. అవి లేనివాణ్ణి అసహ్యించుకోడానికి నీ ఇస్త్రీ అయితే, అది ఊళ్ళోవాళ్ళ చొక్కాయే, గుండీలు కత్తిరించి నీకిచ్చింది.

పోయిన సంక్రాంతికి నేను ముందు స్టేజీలో దిగలేదు. మా ఊరి బస్‌స్టాపులోనే దిగా. తెల్లచొక్కా, ముదురునీలం ప్యాంటు, టక్కు, బూట్లు. ఆసాముల వీధిలోంచి నడిచా. గుండె దడదడలాడుతోంది, అబద్ధమెందుకు. అరుగు మీద పెద్దాయన నా బూట్లు చూశాడు, ముఖం చూశాడు. ఏమీ అనలేదు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు. నేను నడుం వంచలేదు. ఇంతే జరిగింది. దీనికి ఆరేళ్ళు పట్టింది నాకు.

మాయమ్మ గడపలో నిలబడి భయంగా వీధి వైపు చూసింది. "ఇప్పుడే ఎందుకయ్యా" అంది. మళ్ళీ దగ్గరికి వచ్చి నా చేతి మీది మడతని రెండు వేళ్ళతో పైనుంచి కింది దాకా పట్టుకు చూసింది. "ఎవరు తీశారు?" అంది. నేనే అన్నా.

తిరిగి వెళ్ళాక ఆ పిల్లగాణ్ణి పిలిచి నీ ప్రశ్నకి జవాబు తెచ్చానని చెప్పా. వాడు పదో తరగతి ఇప్పుడు. "కొట్టలేదా సార్?" అన్నాడు. కొట్టలేదన్నా. "మీకు ఉద్యోగముంది కదా" అన్నాడు. వాడి మాటే నిజం. నా జీతం నాకు కాపు. వాడి తండ్రికి ఆ కాపు లేదు. ఆయన కూలి ఆసామి చేలో ఉన్నంతకాలం వాడి బూట్లు కూడా ఆసామి దయ మీదే ఉంటాయి. అందుకని ఈ చొక్కా గొడవ చివరికి భూమి దగ్గరికి, కూలి దగ్గరికి పోయి తీరుతుంది.

పండగలకి మా వాడకి పాతబట్టల మూటలు పంపే దయగల తల్లులకి, తండ్రులకి ఒక మనవి. గుండీలు మీరే ఉంచుకోండి. ఈసారి చొక్కాలు కూడా మీరే ఉంచుకోండి. మా కూలి మాకు సరిగ్గా ఇవ్వండి. చొక్కా మేమే ఎంచుకుంటాం.